నాన్న మీద మూడు వారాల నిఘా

నేను ఎవరినీ ఒక పట్టాన నమ్మను. పాలవాడు కొలిచి పోసిన పాలను లోపలికి తెచ్చి మళ్ళీ కొలుస్తాను. పెళ్ళయిన కొత్తలో మా ఆయన తలనొప్పి మాత్ర వేసుకుంటుంటే, అది గొంతు దిగేదాకా మెడ వైపే చూస్తూ నిలబడ్డానట. ఆయన గ్లాసు పక్కన పెట్టి, ఇందులో ఏమైనా కలిపావా అని అడిగారు. ఈ గుణం నాకు పుట్టుకతో రాలేదు. ఎనభైల మొదట్లో, నా పదిహేనో ఏట, ఉత్తరాదిన ఒక ఉక్కు కార్ఖానాల ఊరి శివారు పర్సుడీహ్‌లో మేమున్న అద్దె ఇంట్లో మా నాన్నను కనిపెట్టి ఉంటూ నేర్చుకున్నాను.

నాన్న క్రేన్ ఆపరేటర్. పెద్ద కంపెనీలో కాదు, దానికి ఇనుప సామాను పోతపోసి ఇచ్చే ఒక చిన్న కార్ఖానాలో. షెడ్డు కప్పు కింద పట్టాల మీద నడిచే క్రేన్‌కు ఒక చిన్న గది వేలాడుతుంది. పద్నాలుగేళ్ళు నాన్న ఆ గదిలోనే పనిచేశాడు. కింద ఖలాసీ ఉంటాడు. అతను సామానుకు గొలుసు తగిలించి పైకి సైగ చేస్తాడు. కొలిమి హోరులో గొంతు చించుకున్నా పైకి వినపడదు కాబట్టి అంతా చేతులతోనే. వేలు పైకెత్తి తిప్పితే ఎత్తమని, అరచెయ్యి కిందికి ఊపితే దించమని, పిడికిలి బిగిస్తే ఆపమని. పెళ్ళిళ్ళలో ఎవరైనా మీరేం చేస్తుంటారని అడిగితే నాన్న "డ్రైవర్ని" అని, ఒక్క క్షణం ఆగి, "పైన" అంటూ చూపుడువేలు ఎత్తేవాడు. అడిగినవాళ్ళు కప్పు వైపు చూసేవాళ్ళు. అది నాన్నకు సరదా.

ఒక ఏడాది ఎండాకాలంలో నాన్నకు ఆ సైగల మీదే అనుమానం మొదలైంది. ఖలాసీ చేతులు తనకొకటి చెబుతున్నాయని, పక్కవాడికి తన గురించి ఇంకొకటి చెబుతున్నాయని అనేవాడు. అన్నం తింటూ తింటూ ఆగి, కిటికీ బయట చెయ్యి ఊపిందెవరని అడిగేవాడు. అమ్మ దిష్టి తీసింది, తాయెత్తు కట్టించింది. చివరికి ఒకరోజు ఎత్తిన సామాను గాల్లో ఉండగానే క్రేన్ ఆపేసి, దించకుండా, తను దిగకుండా, మూడు గంటలు పైనే కూర్చున్నాడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ ఆ మూడు గంటలు తలెత్తి చూసినవాళ్ళెవరికీ ఆ ముందరి పద్నాలుగేళ్ళు గుర్తులేవు. మర్నాడే నాన్నను రాంచీ పిచ్చాసుపత్రికి తీసుకెళ్ళారు.

మా ఊళ్ళో రాంచీ అంటే ఊరి పేరొక్కటే కాదు. బడిలో గానీ బజార్లో గానీ ఎవరు కాస్త తిక్కగా మాట్లాడినా "ఇసే రాంచీ భేజ్ దో", వీణ్ణి రాంచీ పంపెయ్యండి అంటారు, అందరూ నవ్వుతారు. నేనూ ఎన్నోసార్లు అని నవ్వినదాన్నే. నాన్న వెళ్ళాక మా క్లాసులో ఎవరు ఎవరిని ఆ మాట అన్నా నన్నే అన్నట్టుండేది. తెలిసి అన్నారా, ఊరికే అన్నారా అని సాయంత్రం దాకా అదే ఆలోచన. ఒకమ్మాయి నా పక్కనుంచి లేచి కిటికీ దగ్గర కూర్చుంటే, ఎవరో చెప్పేశారని రెండు రోజులు కుమిలిపోయాను. గాలి కోసం మారిందని తర్వాత తెలిసింది. తెలిసినా నమ్మలేదు.

అయినా ఎవరికీ తెలిసే వీల్లేదు. ఊళ్ళోనే ఇంకో పక్క కద్మాలో ఉండే మా మేనత్త మొదటిరోజే వచ్చి అందరి నోళ్ళకూ తాళం వేసింది. ఆమె భర్తకు పెద్ద కంపెనీలో ఉద్యోగం, పెద్ద కూతురికి సంబంధాలు చూస్తున్న సమయం. నాన్న శ్రీకాకుళం పక్క మా సొంతూరికి వెళ్ళాడని, అక్కడ అన్నదమ్ముల మధ్య పొలం తగువని, అది తేలేదాకా రాడని చెప్పమంది. అమ్మ వీధంతా అదే చెప్పింది. చెప్పగా చెప్పగా ఆ తగువులో పెదనాన్న దుర్మార్గుడైపోయాడు. పాపం, ఆయన బతికుండగా ఎవరితోనూ గట్టిగా మాట్లాడి ఎరగడు.

నాలుగు నెలల తర్వాత నాన్న తిరిగొచ్చాడు. చిక్కిపోయాడు. మందులకు చేతులు సన్నగా వణికేవి, నోరెండిపోయి మాట మాటకూ నీళ్ళు తాగేవాడు. కానీ మనిషి మాత్రం మా మనిషే. కిటికీ బయట ఎవరూ చెయ్యి ఊపడం లేదని అతనే నవ్వుతూ చెప్పాడు. ఆ రోజే మేనత్త వచ్చి, నాన్నను ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఊళ్ళో ఈ ఏడు వరి ఎలా పండింది, వానలకు బస్సు ఎన్నాళ్ళు ఆగింది, తగువు ఎవరు తీర్చారు అన్నీ పాఠంలా చెప్పింది. నాన్న బుద్ధిగా విన్నాడు. లేనివి ఉన్నాయని నమ్మినందుకు మనిషిని రాంచీ పంపి, నయమై వచ్చాక లేనివన్నీ ఉన్నాయని చెప్పమన్నాం. అప్పుడు ఇది మాకెవరికీ తోచలేదు. పక్కింటావిడ గుమ్మంలో నిలబడి ఊరి సంగతులు అడిగితే, నాన్న ముందు అమ్మ మొహం చూసి, ఆ తర్వాత వరి బాగా పండిందన్నాడు. ఆవిడ నమ్మింది.

నాన్న మళ్ళీ పనిలోకి వెళ్ళాలంటే డాక్టరు ఫిట్ అని కాగితం రాసివ్వాలి. నెలాఖరుతో సెలవు అయిపోతుంది. ఆలోగా కాగితం రాకపోతే ఆపరేటర్ల లిస్టులోంచి పేరు కొట్టేస్తారు. నాన్నకు పగలూ రాత్రీ అదొక్కటే ధ్యాస. ఆ డాక్టరు శనివారాలు కార్ఖానా డిస్పెన్సరీకి వచ్చేవాడు. పెద్దవాడు, నెమ్మదైనవాడు, హిందీలోనే మాట్లాడేవాడు. పది నిమిషాలు చూసి నేనేం చెప్పగలను, ఇంట్లో ఎలా ఉంటున్నాడో రోజూ రాసి పెట్టండి అన్నాడు. మాత్రలు మింగుతున్నాడా, నిద్రపోతున్నాడా, ఒంటరిగా నవ్వుతున్నాడా, తనలో తను మాట్లాడుతున్నాడా అన్నీ రాయమన్నాడు. అమ్మకు రాయడం రాదు. నాది హిందీ మీడియం బడి, దస్తూరి బాగుంటుంది. నాన్న హిందీ గడగడా మాట్లాడతాడు కానీ చదవలేడు. అందుకని ఆ పని నామీద పడింది.

పడిందన్నాను కానీ, నిజం చెప్పాలంటే నాకది నచ్చింది. అప్పటిదాకా ఇంట్లో నా మాట ఎవరూ లెక్కచేసేవాళ్ళు కాదు. ఇప్పుడు అమ్మ గిన్నెలు తోముతూ తోముతూ వచ్చి, ఇది కూడా రాయి, అది కూడా రాయి అని గుసగుసగా చెప్పేది. నేను తలుపు చాటు నుంచి, వంటింటి కిటికీ నుంచి నాన్నను చూసేదాన్ని. పొద్దున్న మాత్ర వేసుకున్నాడు, నాలుక ఎత్తమంటే ఎత్తి చూపించాడు. రెండుసార్లు చెప్పులు సర్దాడు. గోడ వైపు చాలాసేపు చూశాడు. పాత తెలుగు పేపరు చదువుతూ నవ్వాడు, ఎందుకో తెలియదు. అడిగితే తెలిసేది. కానీ అడగడం నా పని కాదనుకున్నాను. ఒక మనిషిని అలా రోజంతా రాస్తూ పోతే ఎవరూ బాగున్నట్టు కనపడరు. ఆ మూడు వారాలూ ఎవరైనా నా గురించి రాసుంటే నేనూ రాంచీ వెళ్ళేదాన్నే.

ఒకసారి నాన్న మంచినీళ్ళ కోసం వచ్చి, నా దగ్గర ఆగాడు.

"ఏటి రాత్తన్నావమ్మా అంతలాగ?"

"కుఛ్ నహీ నాన్నా. హోంవర్క్ హై," అన్నాను. నోటుపుస్తకం మూయలేదు కూడా. నాన్న నా అక్షరాల వైపు చూసి, ముత్యాల్లా ఉన్నాయని మెచ్చుకుని వెళ్ళిపోయాడు. నాకు సిగ్గేసింది. కానీ ఆ సంగతి కూడా రాశాను, రాస్తున్నదేమిటని ఆరా తీశాడని.

మూడో వారంలో బడినుంచి త్వరగా వచ్చిన ఒకరోజు, అమ్మ బజారుకెళ్ళింది. పెరట్లో అలికిడైతే వంటింటి కిటికీలోంచి చూశాను. నాన్న గడ్డం గీసుకునే అద్దాన్ని జామచెట్టు కొమ్మకు ఎత్తుగా వేలాడదీసి, దాని కింద నిలబడి, తల పైకెత్తి అద్దంలోకి చూస్తూ చేతులు ఊపుతున్నాడు. వేలు ఎత్తి తిప్పాడు. అరచెయ్యి కిందికి ఊపాడు. పిడికిలి బిగించి అలాగే ఉంచి, చెయ్యి వణకడం చూసి తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. అద్దంలో ఉన్నవాడికి ఏదో గట్టిగా నచ్చచెబుతున్నట్టుంది. సైగలతోనే మొదలైంది ఇదంతా, మళ్ళీ సైగలే వచ్చాయి. పిలవాలని కూడా తోచలేదు, భయమేసింది. మర్నాడూ, ఆ మర్నాడూ అదే వేళకు చూశాను. అలాగే ఉన్నాడు. అమ్మకు చెప్పాను. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, "ఉన్నది ఉన్నట్టు రాసీ," అంది.

రాశాను. ఆ పేజీలో నా దస్తూరి మరీ బాగుంది.

శనివారం అమ్మ ఆ నోటుపుస్తకాన్ని సంచిలో కూరగాయల కింద పెట్టి తీసుకెళ్ళింది. నాన్న బయట బెంచీ మీద ఉండగా లోపలికెళ్ళి డాక్టరుకు ఇచ్చింది. ఆ తర్వాత డాక్టరు నాన్నను పిలిచి, ఎదురుగా కూర్చోబెట్టి, అందులోంచి కొన్ని వాక్యాలు చదివాడట. చెప్పులు సర్దడం, గోడ వైపు చూడడం, పేపరు చదువుతూ నవ్వడం. నాన్న ఒక్కొక్కదానికీ తలూపాడట. అద్దం సంగతి చదివి, చేతులతో ఎవరితో మాట్లాడుతున్నావని డాక్టరు అడిగితే, డ్యూటీ కోసం ప్రాక్టీస్ చేస్తున్నానన్నాడట. డాక్టరు మెత్తగా, అలాగా అని, కాగితం మీద ఏదో రాసి, ఇంకో మూడు నెలలు చూద్దామన్నాడు. ఇంటికొచ్చాక అమ్మ నాకిదంతా వంటింట్లో చెప్పింది. ప్రాక్టీసట, అంది. అమ్మా నమ్మలేదు, నేనూ నమ్మలేదు. ఆపరేటరు పైన కూర్చుని సైగలు చూడాలి కానీ, చెయ్యడమేమిటి?

ఆ రోజే నాన్న పెరట్లోకి వెళ్ళి జామచెట్టు నుంచి అద్దం తీసి, లోపల మేకుకు తగిలించాడు.

సోమవారం సాయంత్రం నాన్న బయటికి వెళ్ళిన సమయంలో ఒకతను సైకిలు మీద వచ్చాడు. నాన్నతో పనిచేసినవాడు, విజయనగరం పక్కవాడు. ఒకప్పుడు ఖలాసీ, నాన్న రాంచీ వెళ్ళాక అతన్నే క్రేన్ ఎక్కించారు. నాన్న సీటు తీసుకున్నవాడని అతని మీద అమ్మకు గుర్రు. కూర్చోమని కూడా అనలేదు. అతను గుమ్మంలోనే నిలబడి అడిగాడు.

"ఏటొదినా, గురువుగారికి కాగితం రానేదంట? ఈ రోజు నాను పైన, ఆయన కింద అనుకున్నాం. ఫోర్‌మన్ సాబు ఒప్పుకున్నాడు. ఖలాసీగా ఒక్క రోజు సేసి సూపిత్తే, నెమ్మదిగా పైకెక్కిత్తానన్నాడు."

మాకేమీ తెలియదంది అమ్మ. అతను ఆశ్చర్యపోయాడు. మందులకు చేతులు వణుకుతున్నాయి కదా, సైగ పైవాడికి ఎలా కనపడుతుందో చూసుకోవాలంటే అద్దం ఎత్తుగా కట్టుకుని చెయ్యమని సలహా ఇచ్చింది అతనేనట. ఇంట్లో ఎందుకు చెప్పలేదని అడిగాను. చెబితే రోజంతా అందరూ తన మొహమే చూస్తారని, పని దొరికాకే చెబుతానని నాన్న అన్నాడట. వెళ్ళబోతూ అతను ఇంకో మాట చెప్పాడు.

"ఆ రోజు మూడు గంటలు కింద నిలబడి సైగ సేసినోడ్ని నానే. నా సెయ్యి ఆయన నమ్మనేదు. అయినా ఆయన సేతి సైగ మీద సామాను నాను దింపుతానని సాబుకి నానే సెప్పాను."

అతని సైకిలు మలుపు తిరిగేదాకా నేను గుమ్మంలోనే ఉన్నాను. మూడు వారాలు నేను నాన్నను కళ్ళార్పకుండా చూశాను. బాగుపడుతున్న మనిషిని చూస్తూ జబ్బు రాశాను. నా మీద నాకే అసహ్యం వేసింది, ఇప్పటికీ వేస్తుంది.

తర్వాతి శనివారం అమ్మతో నేను కూడా వెళ్ళాను. నేను రాసింది తప్పని, నాన్న చెప్పిందే నిజమని, ప్రాక్టీసేనని డాక్టరుకు హిందీలో, వీలైనంత గట్టిగా చెప్పాను. ఆయన విసుక్కోలేదు. నోటుపుస్తకం తెరిచి నా వైపు తిప్పాడు. ఇది ఏ రోజుకారోజు, ఎవరూ చెప్పకుండా నువ్వు రాసింది, ఇప్పుడు నువ్వు చెబుతున్నది ఉద్యోగం పోతుందని భయపడి ఏడుస్తూ చెబుతున్నది, నేను దేన్ని నమ్మాలి బేటీ అని అడిగాడు. నాన్నతో పనిచేసిన మనిషిని అడగమన్నాను. స్నేహితులు ఎప్పుడూ మంచే చెబుతారన్నాడు. ఆయన స్థానంలో ఉంటే నేనూ నమ్మేదాన్ని కాదు. మూడు వారాలుగా నేను చేసిన పని అదే కదా. మేం లేస్తుంటే నోటుపుస్తకం నా చేతికిచ్చి, చాలా బాగా రాస్తున్నావు, మానకు అన్నాడు.

ఫోర్‌మన్ కూడా ఇంక ఒప్పుకోలేదు. అద్దం ముందు చేతుల సంగతి ఎలా పాకిందో షెడ్డంతా పాకింది, హుక్కు కింద నిలబడమంటే మనుషులు వెనకాడారు. నెలాఖరుకు పేరు కొట్టేశారు. జాలిపడి స్టోర్సులో లైట్ జాబ్ ఇచ్చారు. చిన్న కిటికీ వెనక కూర్చుని, వచ్చినవాళ్ళకు చేతితొడుగులు, నూనె తుడుచుకునే పీచు ఇవ్వడం. తీసుకునేవాళ్ళు కిటికీలోంచి ఒకసారి వంగి చూసి వెళ్ళేవాళ్ళట.

డిస్పెన్సరీ నుంచి వచ్చిన ఆ సాయంత్రమే నాన్న దగ్గరికెళ్ళి, తప్పు రాశానని చెప్పాను. హిందీలో చెప్పలేకపోయాను, తెలుగులో సరిగా మాటలు రాలేదు. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"నువ్వు సూసింది నువ్వు రాసావు. నీ తప్పేటున్నాదమ్మా? నానే ముందర సెప్పాల్సింది."

ఆ మర్నాటి నుంచి ముందరే చెప్పడం మొదలుపెట్టాడు. పెరట్లోకి వెళ్తుంటే, బట్టలు ఆరాయో లేదో చూడడానికి వెళ్తున్నానమ్మా అనేవాడు. గోడ వైపు చూస్తుండగా నేను కనపడితే, బల్లి ఉందని వేలితో చూపించేవాడు. పేపరు చదువుతూ నవ్వొస్తే నన్ను పిలిచి, నవ్వొచ్చిన చోటు చూపించేవాడు. నోటుపుస్తకం నేను పొయ్యిలో పెట్టేశానని, రాయడం లేదని ఎన్నిసార్లు చెప్పినా, సరేనమ్మా అనేవాడే కానీ మానలేదు. నేను నమ్మించలేకపోయాను. నా మాట ఎందుకు నమ్మాలి? హోంవర్క్ అని చెప్పినదాన్ని నేనే కదా.

నా పెళ్ళి మాటలప్పుడు మగపెళ్ళివాళ్ళు నాన్నను మీరేం చేస్తుంటారని అడిగారు. స్టోర్సు అన్నాడు. మొదటినుంచీ అందులోనేనా అంటే, మొదట్నుంచీ అదేనన్నాడు. ఈసారి మేనత్త ఏమీ నేర్పలేదు, నాన్న అమ్మ మొహం వైపు కూడా చూడలేదు. క్రేన్ మీది పద్నాలుగేళ్ళు తనంతట తనే తీసేశాడు. నేను కాఫీల పళ్ళెం పట్టుకుని నిలబడి విన్నాను, కాదని చెప్పలేదు. పెళ్ళయి అదే ఊళ్ళో బిర్సానగర్ వెళ్ళాను. రాంచీ సంగతి మా అత్తవారికి చాలా ఏళ్ళు తెలియదు.

మొదటి కాన్పుకు పుట్టింటికి వచ్చాను. ఆడపిల్ల పుట్టింది. మూడో నెలలో ఒక మధ్యాహ్నం నేను పెరట్లో తల తుడుచుకుంటున్నాను. లోపల నాన్న దగ్గర పిల్ల ఉంది. ఉన్నట్టుండి నాన్న పెద్దగా నవ్వడం వినిపించింది. గది లోపల ఇంకెవరూ లేరు. మందులు మానేసి ఎన్నో ఏళ్ళయింది, జబ్బు మళ్ళీ తొంగి చూడలేదు. అదంతా నాకు తెలుసు. తెలిసి కూడా తల తుడుచుకోవడం ఆపి, పాదాల చప్పుడు కాకుండా వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను.

నాన్న పిల్లను ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు. నన్ను చూడగానే నవ్వు ఆగిపోయింది.

"పిల్ల తుమ్మిందమ్మా. దానికి నవ్వాను," అన్నాడు.

తువ్వాలు కోసం వచ్చానన్నాను. తువ్వాలు నా భుజం మీదే ఉంది. నాన్న దాన్ని చూశాడు. లేచి, పిల్ల మెడ కింద చెయ్యి జాగ్రత్తగా ఆనించి, నేను అడగకుండానే పిల్లను తెచ్చి నా చేతికిచ్చేశాడు.